మెట్ల కింది దేవుని అర్ర

నా మీదికి అమ్మవారు వస్తున్నదన్న కబురు మొదట నాకు తెచ్చింది మాకు పాలు పోసే అవ్వ. గిన్నెలో పాలు కొలిచి పోసి, వెళ్ళకుండా గడపలోనే నిలబడి నా ముఖంలోకి చూసింది.

"నీకు తెల్వదా బిడ్డా? మొన్న శుక్రారం హారతి పళ్ళెం పట్టుకోని ఊగుతుంటివి, కండ్లు మూతలు పడవట్టె. అది తల్లి గాక ఇంకేంది?"

నాకు తల తిరిగింది అవ్వా అన్నాను. తల్లి వచ్చేటప్పుడు తల తిరగకుండా ఎట్లా వస్తుందని ఆమె నన్నే అడిగింది.

రాష్ట్రం వచ్చిన కొన్నేళ్ళకు మేము పల్లె విడిచి షాద్‌నగర్‌లో చిన్న స్లాబు ఇల్లు కట్టుకున్నాం. మా ఆయనకు అక్కడి ఫ్యాక్టరీలో పని. దేవునికి వేరే అర్ర కట్టే జాగా లేకపోతే మేస్త్రీ మెట్ల కిందనే ఒకటి తీశాడు. దానికి కిటికీ లేదు, చిన్న చిన్న గంటలున్న తలుపు మాత్రం ఉంది. దాన్ని చూసుకుని నేనెంత మురిసిపోయానో! నేను బడికి పోలేదు. బాపు ఇంట్లోనే అక్షరాలు దిద్దించి, స్తోత్రాలు చదివించి, దీపం పెట్టడం నేర్పాడు. ఆయన చేసినట్టే నేనూ రోజూ తెల్లవారగానే దీపం వెలిగించి, చిన్న కుంపటిలో ఎర్రటి బొగ్గుల మీద ఊదు వేసి, గాలికి దీపం కొండెక్కకుండా తలుపు దగ్గరికి వేసుకుని గంటసేపు చదువుకునేదాన్ని. పల్లెలో మాది పెంకుటిల్లు. అక్కడ పొగ పెంకుల సందుల్లోంచి తన దారి తాను చూసుకునేది. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

కొత్తింట్లోకి వచ్చిన చలికాలం నుంచే తల తిరగడం మొదలైంది. కూర్చున్న చాప మెల్లగా ఒక పక్కకు వాలుతున్నట్టు ఉండేది. లేస్తే కాళ్ళు నావి కావు. మధ్యాహ్నం దాకా తలనొప్పి, కడుపులో తిప్పుడు. దవాఖానలో బీపీ చూశారు, రక్తం చూశారు. కొంచెం నీరసమని గోలీలు ఇచ్చారు. చెవుల డాక్టరు చెవులు బాగున్నాయన్నాడు. చివరికి పట్నం పోయి తలకు స్కానింగ్ తీయించాం. అందులోనూ ఏమీ లేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మా ఆయన, "నీ తలకాయల ఏం లేదని ఫోటో తీసి మరీ చెప్పిండ్రు. పెండ్లైన కాడి నుంచి నేను చెప్తనే ఉన్న," అన్నాడు. నవ్వించడానికే అన్నాడు, నవ్వాను కూడా. కానీ ఆ ఫైలును ఒళ్ళో గట్టిగా పట్టుకుని కూర్చున్న ఆయన చేతులు చూస్తే ఆయనకెంత భయంగా ఉందో తెలిసింది.

హాలియాలో మా చెల్లెలింటికి పోయి పది రోజులున్నాను. ఒక్కనాడు తల తిరగలేదు. తన చేతి వంట మహిమని చెల్లెలు అన్నది. ఇంటికి వచ్చిన మూడోనాడే మళ్ళీ మొదలు. పాల అవ్వకు ఇందులో సందేహమే లేదు. తల్లి తన పొలిమేర దాటి రాదని తేల్చేసింది.

అప్పటి నుంచి శుక్రవారం శుక్రవారం ఆడవాళ్ళు రాసాగారు. బిడ్డ పెళ్ళి ఎప్పుడవుతుందని ఒకరు, పోయిన ఆవు ఏ దిక్కున ఉందని ఒకరు. నాకేమీ తెలియదని చెప్పి, పసుపు కుంకుమ ఇచ్చి పంపేదాన్ని. ఒకనాడు వెనక వీధి నుంచి ఒకామె వచ్చింది. ఆమె బిడ్డకు ఎనిమిదేళ్ళు, ఫిట్స్ వస్తాయి. పట్నం డాక్టరు ఇచ్చిన గోలీలు వాడుతున్నారు.

"నువ్వు జర విబూతి పెడితే గోలీలు బంద్ చేస్త," అన్నది.

"బంద్ చేయకు. నాకు తల తిరుగుతాంది, అంతే. నా మీద ఎవ్వరూ లేరు," అన్నాను.

ఆమె నమ్మలేదు. తల్లి గట్లనే పరీక్ష పెడుతుందని నవ్వి, నేను వద్దంటున్నా కుంపటిలోని బూడిద ఇంత తీసుకుని కొంగున కట్టుకుని పోయింది.

ఆ రోజు నాకు అన్నం సహించలేదు. నా తల ఎందుకు తిరుగుతోందో నాకు తెలియకపోవడం వల్ల ఒక పసిపిల్లకు మందు ఆగిపోతోంది. దేవుని ముందు కూర్చుని, ఇది నువ్వే అయితే నువ్వేనని చెప్పు, కాకపోతే కాదని ఎవరి నోటనైనా చెప్పించు తల్లీ అని మొక్కుకున్నాను.

రెండు రోజులకు బొగ్గులు అయిపోయాయి. మా వీధి మలుపు దాటితే ఒక ఇస్త్రీ బండి ఉంటుంది. ఆ ఇస్త్రీ చేసే ఆమె దగ్గరే నేను బొగ్గులు కొనేది. మా వాడకట్టు ముచ్చట్లు ఆమె దాకా పోలేదు. సంచీలో బొగ్గులు పోస్తూ అడిగింది.

"పోయిన సంచి అప్పుడే ఒడిసిందా అక్కా? యాడ రాజేస్తున్నవ్?"

దేవుని అర్రలో అన్నాను.

"కిటికీ ఉన్నదా?"

లేదన్నాను.

"తలుపు?"

దగ్గరికి వేసుకుంటానన్నాను. ఆమె చేతిలోని సంచి కింద పెట్టింది.

"తల తిరుగుతదా అక్కా నీకు?"

నేను చెప్పకముందే అడిగింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె నన్ను బండి పక్కన రాతి మీద కూర్చోబెట్టి తన సంగతి చెప్పింది. ఆమెకు ఇస్త్రీ నేర్పింది వాళ్ళమ్మ. ఒక చలికాలం ముసురు పట్టినప్పుడు, ఇస్త్రీ పెట్టెలో మిగిలిన నిప్పులను వాళ్ళమ్మ వెచ్చదనానికని ఇనుప తసలాలో పోసుకుని, కిరాయి అర్రలో తలుపేసుకుని పడుకుంది. పొద్దున లేవలేదు. గాలి సోకిందని ఊరంతా అన్నది. బొగ్గుల గాలికి రంగూ వాసనా ఉండవని, మూసిన అర్రలో అది మనిషిని తీసుకుపోతుందని దవాఖానలో చెప్పేదాకా ఈమెకు కూడా తెలియదు.

"మా అమ్మకు చెప్పెటోళ్ళు లేరు అక్కా. నీకు నేను చెప్తున్న. బొగ్గులు వాకిట్ల రాజేయి, ఊదు ఆడనే వెయ్యి. నిప్పును లోపటికి తేకు."

నేను ఇంటికి పోలేదు. అటు నుంచి అటే వెనక వీధికి పోయి, ఆ పిల్ల తల్లికి ఈ మాటలన్నీ చెప్పాను. గోలీలు ఆపి రెండు రోజులైందట. పిల్లకు ఇంకా ఏమీ కాలేదు, దేవుని దయ. నా తల తిరిగింది బొగ్గులకే అని తెలిశాక ఆమె లేచి డబ్బా తెచ్చి నా ముందే బిడ్డకు గోలీ వేసింది. మర్నాడు డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది.

బొగ్గులు వాకిట్లోకి పోయిన వారంలోనే నా తలనొప్పి పోయింది. పక్షం రోజులకు చాప వాలడం మానేసింది. దవాఖానలో చెబితే డాక్టరు, ఈ ముక్క మొదటే అడగవలసింది అన్నాడు. ఆయన మీద నాకు కోపమేమీ లేదు. నేను మాత్రం చెప్పానా? మేస్త్రీని పిలిపించి అర్ర గోడకు గాలి ఆడే జాలీ పెట్టించాం. పాల అవ్వ దాన్ని చూసి, తల్లి అందులోంచే వెళ్ళిపోయిందని నిష్ఠూరమాడింది. నేనడిగిన దానికి తల్లి జవాబు ఇచ్చే పోయిందని ఆమెకు చెప్పాను. వెనక వీధి పిల్ల ఇప్పుడు ఇంటర్ చదువుతోంది.

చదివేవారిని ఒక్కటే అడుగుతాను. ఆ ఇస్త్రీ చేసే ఆమె తల్లికి ఫోటో అయినా లేదు. గాలి సోకి పోయిందనుకునే ఊరు ఆమెను మరిచిపోయింది. మీ ఇంట్లో ఎప్పుడైనా బొగ్గులు రాజేయవలసి వస్తే బయట రాజేయండి, ఆమెను ఒక్కసారి తలుచుకోండి.