పలక చీల్చిన సువార్తమ్మ

"తండ్రీ కుమారుడూ ఒకటేనని చెప్పడానికి పిలకాయల ముందర రాయి చీల్చి చూపించినా స్వప్నా. పలకలు రెండైనా రాయి ఒకటే గదా అంటే అందరూ తలకాయలూపినారు," అంది సువార్తమ్మ. తర్లుపాడు పలకల షెడ్డులో వారమంతా ఉలితో రాయిని పలకలుగా చీల్చే ఆమె, ఆదివారం చర్చిలో పిల్లలకు పాఠం చెబుతుంది. ఏం మాట్లాడబోయినా ముందు మోకాళ్ల మీది రాతిపొడి చెంగుతో దులుపుకుంటుంది.

"బాగానే చెప్పినావు గదత్తా!" అంది షెడ్డులో తోటి పనిచేసే స్వప్న, పక్కనే సద్దిగిన్నె మూత తీస్తూ.

"ఏం బాగు? చీల్చినాక రెండూ పల్చనైపోలా? కుమారుడున్నాడని తండ్రి సగమైనాడా ఏంది? ఇద్దరిలోనూ నిండుగా ఉండేది ఆ ఒక్క దైవత్వమే. దానికి పోయి నేను ఉలి పెట్టినా!" నవ్వింది గానీ, పసివాళ్ల మనసులో తప్పు నాటానన్న దిగులు మొహంలో దాగలేదు. "పాఠానికొచ్చిన యోహాను గాడు ఆ రెండు ముక్కలూ ఇంటికి పట్టుకపోయినాడు. వాళ్లవ్వ గూట్లో పెట్టి దండం పెట్టకముందే, నువ్వు పోయి తీసుకురా తల్లీ."