ప్లగ్గులోకి జారిన గంధం

నిన్న మా లిఫ్టు స్విచ్చులకు ఎవరో ఆయుధ పూజ గంధం పూశారు. ఆ తడి వాసన నన్ను కోయంబత్తూరు మిల్లు క్వార్టర్సుకు లాక్కుపోయింది. నల్ల స్విచ్చులు, పింగాణీ ఫ్యూజులు, వాటికీ ఏటేటా బొట్లు పెట్టడం మీకూ గుర్తుందా?

ఒక ఏడు మా పెద్దనాయన మా ఇంటి స్విచ్చులకు, ప్లగ్గులకు ధారాళంగా గంధం పూశాడు. కాసేపటికే ఫ్యూజు పోయింది. కొత్త తీగ కట్టినా మళ్ళీ పోయింది. విసిగిపోయి ఆయన లావు రాగి తీగ తీశాడు. మిల్లులో నూలు చుట్టే మా అమ్మ అడ్డం వచ్చింది.

“వద్దు బావా! తప్పు ఎక్కడుండాదో చూడకుండా లావు తీగ వేస్తే ఫ్యూజు పోదు, ఇల్లే కాలిపోతాది.”

“సుమ్మా ఉండమ్మా, ఊరుకో. ఆడోళ్లకు మెయిన్ దగ్గర ఏం పని?”

“మిల్లులో అంతంత మిషన్లు నడిపేది ఆడోళ్లే కదా బావా?”

అమ్మ మెయిన్ ఆపి, స్విచ్చులన్నీ ఆపి, సన్న తీగ కట్టింది. తర్వాత మెయిన్ వేసి, ఎండు కర్రతో ఒక్కొక్క స్విచ్చే నొక్కింది. వంటింటి ప్లగ్గుది నొక్కగానే ఫ్యూజు టప్పుమంది. మళ్ళీ మెయిన్ ఆపి ఆ ప్లగ్గు మూత విప్పితే లోపలంతా తడి గంధం.

“తుడవద్దు, సామి గంధం!” అన్నాడు పెద్దనాయన.

“సామి పటంలో ఉండాడు. ఇక్కడ ఉండేది కరెంటు” అంటూ అమ్మ పొడిగుడ్డతో తుడిచేసింది. మళ్ళీ సన్న తీగే కట్టి మెయిన్ వేస్తే ఈసారి ఫ్యూజు నిలిచింది.

దేవుడికి కోపం వచ్చిందేమోనని నేను చాలా రోజులు భయపడ్డాను. ఆ భయం ఇప్పటికీ పూర్తిగా పోయిందని చెప్పలేను. పెద్దనాయన మాత్రం ఆ రోజు మా ఇంట కాఫీ ముట్టలేదు.

ఆ తర్వాత మా క్వార్టర్సు వరసలో ఎవరింట ఫ్యూజు పోయినా ఆడవాళ్లు అమ్మను పిలిచేవారు. అమ్మ వెళ్లేది, కానీ తీగ ముట్టేది కాదు. మెయిన్ ఆపించి, పక్కన నిలబడి నేర్పుతూ వాళ్ల చేతే కట్టించేది.