గోరింటాకు లేని వేళ్లు

పోయిన నెల ఒక పొద్దున మిర్యాలగూడ నుంచి నాయిన ఫోన్ చేశాడు. "బిడ్డా, మీ అత్త నిద్రలనే పోయింది" అన్నాడు. సూర్యాపేటలో బస్సెక్కి కూర్చున్నాక నాకు ముందుగా గుర్తొచ్చింది ఆమె ముఖం కాదు, వేళ్లు. నా మీద నాకే ఒళ్లు మండింది. వేళ్లు కాదు, ముఖం చూడమనే కదా ఆమె మమ్మల్ని అడిగింది.

ఆమె నాయిన చెల్లెలు, నా మేనత్త. పెళ్లి కాలేదు, మా ఇంట్లోనే ఉండేది. ఎవరికీ వినబడని మాటలు ఆమెకు వినబడేవి. మందులు సరిగ్గా పడుతున్న రోజుల్లో ఆ మాటల్ని వేళకాని వేళ వచ్చిన చుట్టాల్లాగే చూసుకునేది. కంచం ముందు కూర్చుని, "జర ఆగుండ్రి, తింటున్న గదా" అని పక్కకు తిరిగి కసిరేది. మేం నవ్వితే తనూ నవ్వేది. నాకు జడ వేసేది ఆమే. చిక్కు తీస్తూ, "నొస్తె చెప్పు బిడ్డా, ఓర్సుకోకు" అనేది.

సూర్యాపేటలో ఆమెను చూసే డాక్టరు ఒకసారి ఆమె గోరు మొదట్లో నూనె చుక్క వేసి భూతద్దంతో చూశాడు. చర్మం కింద సన్నటి ఎర్రటి నెత్తుటి దారాలు, మెలికలు తిరిగి ఉన్నాయి. స్కిజోఫ్రీనియా ఉన్న కొందరిలో ఇవి ఇలా పైకి కనిపిస్తాయట. కనిపించినంత మాత్రాన జబ్బున్నట్టు కాదు, కనిపించకపోతే లేనట్టూ కాదు అని కూడా ఆయన చెప్పాడు. మావాళ్లు మొదటి ముక్క పట్టుకుని, రెండోది ఆ గదిలోనే వదిలేసి వచ్చారు.

ఇక మా నాయనమ్మను చూడాలి! పిల్లలందరినీ ఎండలో నిలబెట్టి వేళ్లు చూసేది. నా చెయ్యి దగ్గర కాసేపు ఎక్కువ ఆగేది. ఎందుకో చెప్పేది కాదు. ఆ భయం నాతోపాటే పెరిగింది.

ఆ యేడు ఆషాఢంలో అందరం గోరింటాకు పెట్టుకున్నాం. అరచేతిలో చందమామ, వేళ్లకు టోపీలు. అత్త చేతులు బాగా పండాయి. నాయనమ్మ ఆ వేళ్లను వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి, "దారాలు లెవ్వురా! రోగం ఖతమైంది" అంది. అంత రంగు కింద ఏ దారం కనిపిస్తుంది? నాయిన కూడా నమ్మాడు. నమ్మాలని ఉంది పాపం. మందులు ఆపేశారు.

ఆ రంగు వెలిసేలోగానే ఆమెకు నిద్ర దూరమైంది, తిండి పోయింది. ఒకరోజు ఇంట్లోనే కనిపించలేదు. హాలియా దాకా ఊళ్లన్నీ వెతికాక, కోదాడ బస్టాండులో టీకొట్టు నడిపే ఆమె మా అత్త నోట నంబరు రాబట్టి ఫోన్ చేసింది. "ఈవిడ మీ మనిషేనాండి? పొద్దుట్నుంచీ ఇక్కడే కూర్చున్నారు. వచ్చిన ప్రతివాళ్లకీ చేతులు చూపించి, నాకేం లేదు, నాకేం లేదు అంటున్నారండి."

మళ్లీ మనిషి కావడానికి చాలా కాలం పట్టింది. ఆ తర్వాత ప్రతి ఆషాఢంలోనూ చందమామ ఒక్కటే పెట్టించుకునేది. వేళ్లు ఉత్తగానే ఉంచుకునేది. ఎందుకత్తా అంటే, "దాసిపెడితె మల్ల మందులు బంద్ జేస్తరు మీరు" అనేది. ఒకసారి నేను దొంగచాటుగా ఆమె గోళ్ల వంక చూస్తుంటే గడ్డం పట్టుకుని నా తల పైకెత్తింది. "వేళ్లేం జెప్తయి బిడ్డా? మొఖం సూసి అడుగు. నిద్ర వట్టిందా అని అడుగు. ఇన్నేండ్లల్ల ఒక్కలన్న గిట్ల అడగలే."

ఈ ఆషాఢం ఆమె లేకుండానే వచ్చింది. ఇంటర్ చదువుతున్న నా కూతురు మొన్న నా ముందు చేతులు చాపింది. కొన్నాళ్లుగా అది గది తలుపు వేసుకునే ఉంటోంది, పిలిస్తే ఉలిక్కిపడుతోంది. చదువుల ఒత్తిడిలే అని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ వచ్చాను. చందమామ పెట్టాను. వేళ్ల దగ్గర చెయ్యి ఆగింది. కళ్లు గోరు మొదట్లోకి పోయాయి, అచ్చం మా నాయనమ్మ కళ్లలాగే.

"వేళ్లకు పెట్టవా అమ్మా?"

తల ఎత్తి దాని ముఖం చూశాను. "నిద్ర వట్టిందా బిడ్డా?"

"పడ్తలేదమ్మా. శానా రోజులైంది."

గిన్నె పక్కన పెట్టి దగ్గరికి తీసుకున్నాను. గోరింటాకు ఆరని దాని చెయ్యి నా వీపు మీద పడింది. రెండుసార్లు ఉతికినా నా జాకెట్టు మీద చందమామ ఇంకా పోలేదు.