పదకొండింటిలో ఏడోది

సముద్రపొడ్డున చేపలు పట్టుకు బతికే గోర్మన్ కోవ్‌లో ఆడవాళ్లకు వయసు మళ్లాక గొప్పగా చెప్పుకోవడానికి మిగిలేది ఒక్కటే, తమకు పడని మందులు. బుధవారం మధ్యాహ్నం చర్చి హాల్లో డబ్బాపాలు పోసిన టీ తాగుతూ ఎవరికేది పడలేదో చెప్పుకున్నాకే పేకముక్కలు పంచేవారు. చేపలు తగ్గినా, కుర్రకారు తగ్గినా, ఈ జాబితాలు మాత్రం ఏటా పెరుగుతూనే వచ్చాయి.

మా నాయనమ్మ ఉర్సులా కరీన్‌కు మొదట్లో పడనిది ఒకటే, సల్ఫా. అది మాత్రం అచ్చమైన నిజం. పందొమ్మిదో ఏట ఫ్యాక్టరీలో కాడ్ చేపలు కోస్తుంటే అరచెయ్యి తెగి చీము పట్టింది. నర్సు సల్ఫా బిళ్లలిచ్చింది. రెండో రోజుకు పెదాలు బొబ్బలెక్కాయి, నాలుక పచ్చిపుండయింది, ఫాదర్ వచ్చి చావబోయేవాళ్లకు రాసే ఆఖరి నూనె కూడా నుదుటికి రాసి వెళ్లాడు. ఎలాగో బతికింది. ఆ నర్సే మేరీమాత బొమ్మ కార్డు వెనక ‘ఈమెకు సల్ఫా ఎన్నడూ ఇవ్వకూడదు’ అని రాసిచ్చింది. నలభై నాలుగేళ్లు ఆ కార్డు ఆవిడ చేతిసంచీ దాటి ఎక్కడికీ పోలేదు.

అక్కడితో ఆగితే బాగానే ఉండేది. కానీ పక్కింట్లో తాతయ్య అక్క కార్మెల్ ఉంది. ఆవిడకు తొమ్మిది మందులు పడవు.

“ఒక్కటేనా?” అంది ఒకసారి హాలంతా వినేలా. “ఏం ఒళ్లు వదినా నీది! గుర్రానిక్కూడా రెండు పడవు.”

ఆ మాట నాయనమ్మకు ముల్లులా దిగింది. ఆ తర్వాత పెన్సిలిన్‌తో కడుపులో తిప్పితే క్లినిక్‌కు వెళ్లి రాయించింది. కోడీన్ వేసుకుంటే నిద్రొచ్చిందని రాయించింది. నిద్ర రాకపోతే కదా వింత! ఫ్లూ సూది వేసిన చెయ్యి నొప్పి పుట్టిందని రాయించింది. అయొడిన్ మరక దుప్పటికి అంటుకుని వదల్లేదు, అదీ రాయించింది. మధ్యలో క్లినిక్ కప్పు కారి పాత ఫైళ్లు తడిసిపోతే, కొత్త నర్సుకు గుర్తొచ్చిన వరసలో మళ్లీ చెప్పింది. నిన్నమొన్నటివి ముందొచ్చాయి. మొత్తం పదకొండు. సల్ఫా ఏడోదయింది.

అరవై మూడో ఏట అక్టోబరులో నాయనమ్మకు మూత్రంలో మంట, జ్వరం పట్టుకున్నాయి. ఆ వారమే పేకాటలో ఓడిన కార్మెల్ ముక్కలు బల్ల మీద పడేసి, “ఆటలో దొంగ, మందుల్లోనూ దొంగే! నీ పదకొండులో పది ఉత్తవే వదినా” అంది.

“పదకొండూ నిజమే. సువార్త మీద చెయ్యేసి చెప్తా.”

“డాక్టరు ముందు చెప్పు, చాలు.”

అందరూ నవ్వారు. నాయనమ్మ నవ్వలేదు.

క్లినిక్‌లో డాక్టర్లు ఏడాదికొకరు మారతారు. ఆ ఏటి డాక్టరు ఒంటారియో కుర్రాడు, వచ్చి మూడు వారాలయింది. బయట బెంచీ మీద కార్మెల్ కూర్చుని ఉంది, మోకాలినొప్పి వంకతో. గది తలుపు అట్టముక్కంత పలచన.

డాక్టరు ఫైలు చూసి నవ్వాడు. “మిసెస్ కరీన్, ఇది చూస్తే మీకు గాలి తప్ప ఏదీ పడేలా లేదే! పెన్సిలిన్‌కు ఏమయింది?”

“కడుపులో తిప్పింది.”

“అది అలర్జీ కాదండీ. కోడీన్?”

“నిద్రొచ్చింది.”

“మరి అయొడిన్?”

దుప్పటి సంగతి చెప్పక తప్పలేదు. డాక్టరు పెన్ను మూత తీసి, నాలుగోది కూడా అడక్కుండా జాబితా మొత్తం కొట్టేస్తూ పై నుంచి కిందికి ఒక్క గీత గీశాడు.

నాయనమ్మ చెయ్యి సంచీ మీదికి వెళ్లింది. కొక్కెం విప్పింది. మేరీమాత కార్డు అంచు వేలికి తగిలింది కూడా. ‘తక్కినవి పోనీ బాబూ, ఈ ఒక్కటీ నిజం’ అంటే చాలు. అప్పుడే తలుపవతల కార్మెల్ దగ్గింది. ఈ ఒక్కటీ నిజమంటే తక్కిన పదీ అబద్ధమని ఒప్పుకున్నట్టే, అదీ ఆ చెవుల ముందు. నాయనమ్మ కొక్కెం పెట్టేసింది.

అరవై కిలోమీటర్ల లోపు మందుల షాపు లేదు గనక బిళ్లల సీసా క్లినిక్ వాళ్లే ఇచ్చారు. దాని మీద ఏదో పొడుగాటి పేరు, సల్ఫా అన్న మాట లేదు. ‘అది కాదులే’ అనుకుని నాయనమ్మ మింగేసింది.

పేరు వేరే అయినా అది సల్ఫాయే. మూడో రోజుకు కళ్లు నిప్పులయ్యాయి. నాలుగో రోజున వీపు మీది చర్మం ఉడికిన బంగాళాదుంప పొట్టులా దుప్పటికి అంటుకుని వచ్చేసింది. హెలికాప్టర్‌లో సెయింట్ జాన్స్ పెద్దాసుపత్రికి తీసుకుపోయి, కాలినవాళ్ల వార్డులో నలభై రోజులుంచారు. ప్రాణం దక్కింది. కళ్లు దక్కలేదు. వెలుగు, నీడ తెలుస్తాయి, అంతే. చలికాలమంతా పాత స్వెట్టర్ల పీలికలతో చిన్న తివాచీలు అల్లే మనిషి, సగం అయిన తివాచీ ఇంకా చట్రం మీదే ఉంది. దాని మీద ఎర్ర పడవ సగమే తేలుతోంది.

వసంతంలో, మేం పెట్టిన ఫిర్యాదుకు జవాబుగా ఆరోగ్యశాఖ పెద్దాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ‘సదరు మందు విషయం రోగి ప్రత్యేకంగా తెలిపినట్టు రికార్డులో లేదు’ అని. డాక్టరు అప్పటికే వేరే ఊరు వెళ్లిపోయాడు.

నాయనమ్మ రెండుసార్లు చదివించుకుని విన్నది. “నిజమే రాశారు వెధవలు,” అంది. “అబద్ధమైతే తిట్టుకోడానికైనా ఉండేది.”

కళ్లలో గంటగంటకూ చుక్కలు వెయ్యాలి. ఆ పని కార్మెల్‌ది. ఎవరూ అప్పజెప్పలేదు, తనే వచ్చి కూర్చుంది.

“పైకి చూడు వదినా.”

“పైన ఏముందని?”

“నా మొహం.”

“అయితే మూసుకునే ఉంటాలే.”

కార్మెల్ రెప్ప పైకి లాగింది. చుక్క పడింది.

“ఆ పదీ ఉత్తవే వదినా,” అంది నాయనమ్మ.

“నాకు తెలీదా ఏంటి? దుప్పటి మరక సంగతి తలుపవతలికి వినబడింది. నవ్వాపుకోలేకే దగ్గాను.”

“సంచీలో కార్డు ఉంది. తీద్దామనుకున్నా. నీ దగ్గు విని మానేశా.”

కార్మెల్ సీసా మూత బిగిస్తున్న చప్పుడు చాలాసేపు వినబడింది.

“సరే, నీ తొమ్మిదిలో నిజమేది?” అంది నాయనమ్మ.

“పెన్సిలిన్...” అంది కార్మెల్. “కాదు, అది మా అమ్మకు. లేక నాకేనా... ఏమో వదినా. ఇన్నేళ్లు చెప్పీ చెప్పీ, ఏది నిజమో నాకే తెలీకుండా పోయింది.”

“రేపు వెళ్లి ఉత్తవి కొట్టేయించు.”

“ఏవని కొట్టేయించను?”

కార్మెల్ నాయనమ్మ రెండో కంటి రెప్ప పైకి లాగింది. ఈసారి చుక్క కంట్లో పడక చెంప మీదుగా జారిపోయింది.