ఏసీలో పెట్టిన ఇంజన్

జూన్ నెల వచ్చిందంటే నా షాపు ముందు టీ తాగేవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. "ఈసారి టైటిల్ ఎవరిదంటావు?" మోటార్ సైకిల్ రేసుల జాతీయ పోటీలో ఒకటో రెండో రౌండ్లు అయ్యాయో లేదో, చివరికి ఎవరు గెలుస్తారో చెప్పెయ్యమంటారు. సత్తెనపల్లిలో రేసు ఇంజన్లు కట్టినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి నన్నే అడుగుతారు. ఒకప్పుడైతే గంటసేపు చెప్పేవాణ్ణి. ఇప్పుడు స్పానర్ చేతిలోకి తీసుకుని పనుందంటాను. అప్పటికీ వదలకపోతే కసురుతాను. ఐదేళ్ల కిందట ఆ ప్రశ్నకి నేను చాలా ధీమాగా జవాబు చెప్పాను. ఆ ధీమాకి మూల్యం చెల్లించింది మా తమ్ముడు.

వాడు నాకంటే పన్నెండేళ్లు చిన్న. నాన్న పోయాక నేనే పెంచాను కాబట్టి నా మాటకి ఎదురు చెప్పడం వాడికి తెలియదు. పంతొమ్మిదో ఏట నుంచీ రేసులే వాడి ఉద్యోగం. నేను ఇంజన్ కట్టేవాణ్ణి, వాడు తోలేవాడు. టీమంటే మేమిద్దరమే. వ్యానులో బండీ, టైర్లూ, రెండు ఇంజన్లూ వేసుకుని చెన్నై దగ్గరి ట్రాకుకీ, కోయంబత్తూరు ట్రాకుకీ వెళ్లొచ్చేవాళ్లం. వాడికి ఇరవై తొమ్మిది నడుస్తుండగా ఒక కంపెనీ టీమ్ మేనేజరు పిలిచి మాట్లాడాడు. ఆ ఏడు టైటిల్ గెలిస్తే మరుసటి సీజనుకి వాళ్ల బండి మీద సీటు, బయటి దేశాల్లో రేసులు. గెలవకపోతే మాత్రం ముప్ఫై నిండిన రైడర్ని కొత్తగా ఎవరూ తీసుకోరని మొహం మీదే చెప్పాడు. అంటే వాడికి మిగిలింది ఆ ఒక్క సీజనే.

మా దగ్గరున్న రెండు ఇంజన్లలో ఒకటి మామూలుది. పని చేస్తుంది గానీ తిన్నటి దారిలో చివరికొచ్చేసరికి ఆయాసపడుతుంది. రెండోదాన్ని ఆ వేసవిలో రెండు నెలలు కూర్చుని కట్టాను. నా జన్మలో అంత మంచి ఇంజన్ ఇంకొకటి కట్టలేదు. రేసు ఇంజనుకి ఆయుష్షు తక్కువ. సీజన్లో ఉన్నవి ఐదు రౌండ్లు. ఇది మూడు రౌండ్లకి మించి ఆగదని నా అంచనా.

మొదటి రౌండులో తమ్ముడు గెలిచాడు. రెండో రౌండు వానలో జరిగింది, అందులోనూ గెలిచాడు. పదేళ్లుగా వాడు తోలడం చూస్తున్నాను గానీ ఆ నెలలో తోలినట్టు ఎప్పుడూ తోలలేదు. మలుపులో బండి వాడి ఒంట్లో భాగమైపోయేది. తర్వాత మాకు పోటీ అయిన కోయంబత్తూరు రైడరు ఆ రెండిట్లో ఐదో స్థానంలోనూ, నాలుగో స్థానంలోనూ వచ్చాడు. మేం ఇంటికొచ్చిన ఆదివారం చర్చిలో పాస్టరుగారు తమ్ముడి పేరు చెప్పి ప్రార్థన చేశారు. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. టీ దగ్గర అడిగినవాళ్లందరికీ "టైటిల్ మనదే, రాసిపెట్టుకోండి" అన్నాను.

అదే ఏడు నాకు మిరప కూడా కలిసొచ్చింది. మాకు రెండెకరాల మిరప ఉండేది. మొదటి కోత కాయ రంగు చూసి కొనడానికి గుంటూరు నుంచి మనిషి కల్లం దగ్గరికే వచ్చాడు. నేను ఇవ్వలేదు, ఏసీలో పెట్టాను. మా వైపు కోల్డ్ స్టోరేజీని అలాగే అంటారు. మా దగ్గర మిరప రైతుని కలిస్తే "బాగున్నావా" అని కాదు, "ఏసీలో పెట్టావా" అని అడుగుతారు. మంచి కాయని దాచి, రేటు వచ్చేదాకా ఆగగలిగినవాడే మొనగాడు. అలా పెట్టిన బస్తాని మధ్యలో విప్పి చూడరు. రెండో రౌండు గెలిచిన వారానికే రేటు లేచింది. అమ్మాను. ఊరంతా మెచ్చుకుంది. ఇక నన్ను పట్టేవాడు లేడు.

ఆ పొగరులోనే మంచి ఇంజన్ని బండి నుంచి దింపేశాను. నూనె పట్టించి, పాత చీరలో చుట్టి, పైన మిరపకాయల గోతం తొడిగి బల్ల కింద పెట్టాను. అది ఆఖరి రౌండుకి. మధ్యలో రెండు రౌండ్లూ మామూలు ఇంజనుతో రెండో స్థానమో, మూడో స్థానమో తెచ్చుకుంటే సరిపోతుందనుకున్నాను. దాచేముందు విప్పి, లోపల ఎంత అరిగిందో కొలవాలి. పని నేర్చుకునేవాడు కూడా చేసే పని అది. నేను చెయ్యలేదు. నా అంచనా తప్పుతుందని నాకు తోచనే లేదు.

తమ్ముడు వచ్చి ఆ గోతం చూశాడు.

"అన్నా, ఇప్పుడు నాకు చెయ్యి నడుస్తోంది. ఇప్పుడే తోలనివ్వు. మూడోది కూడా కొట్టేస్తే ఆ కోయంబత్తూరాయన ఇక లేవలేడు. ఆఖర్న మామూలు ఇంజనుతో వెనక తోలుకున్నా టైటిల్ వచ్చేస్తది."

"ఏరా, ఇంజన్ కట్టింది నువ్వా, నేనా?"

"కాయ ఏసీలో ఆగుద్దన్నా. నేను ఆగను."

టీ తాగుతున్నవాళ్లు నవ్వారు. వాళ్లతోపాటు నేనూ నవ్వాను. "పో, పోయి టైర్లు సర్దు" అన్నాను. వాడు వెళ్లి టైర్లు సర్దాడు.

మూడో రౌండులో మలుపులన్నిట్లో వాడే ముందున్నాడు. తిన్నటి దారి రాగానే ఒకరి తర్వాత ఒకరు దాటిపోయారు. ఆరో స్థానం. కోయంబత్తూరు రైడరు గెలిచాడు. తిరిగొస్తున్నప్పుడు వ్యానులో నేనే మాట్లాడాను, ఇంకా మనమే ముందున్నామని. నాలుగో రౌండులో తిన్నటి దారిలో పోయినదాన్ని మలుపులో రాబట్టుకోవాలని బ్రేకు మరీ ఆలస్యంగా పట్టాడు. బండి జారింది. ఎడమ భుజం దగ్గర కాలర్ ఎముక విరిగింది.

ఆసుపత్రిలో వాణ్ణి చూడగానే నొప్పిగా ఉందా అని అడగాల్సింది. నేను అడగలేదు. "నీకు తొందరెక్కువరా. రెండో స్థానం చాలని చెప్పాను కదా" అని అరిచాను. నర్సు బయటికి పొమ్మంది. "చెప్పావన్నా" అన్నాడు వాడు. ఇంజన్ సంగతి ఎత్తలేదు. ఇవాళ్టికీ ఆ అరుపు గుర్తొస్తే నా మొహం మీద నాకే ఉమ్మెయ్యాలనిపిస్తుంది.

ఆఖరి రౌండు నాటికి కోయంబత్తూరు రైడరు మాకంటే రెండు పాయింట్లు ముందున్నాడు. తమ్ముడి భుజంలో ప్లేటు వేశారు. నేను గోతం విప్పి మంచి ఇంజన్ ఎక్కించాను. ఒక్క కిక్కుకే మోగింది. దాచిందాన్ని దాచినట్టే తీశానని పొంగిపోయాను, వెధవని. రేసులో తిన్నటి దారి వచ్చిన ప్రతిసారీ వాడు ఇద్దరు ముగ్గుర్ని దాటేవాడు. ఎడమ మలుపు వచ్చిన ప్రతిసారీ భుజం నిలబడక వాళ్లే మళ్లీ దాటేవాళ్లు. బండి సిద్ధంగా ఉంది, మనిషి లేడు. మూడో స్థానంలో వచ్చాడు. కోయంబత్తూరు రైడరు రెండో స్థానంలో వచ్చి టైటిల్ తీసుకెళ్లాడు.

పిట్‌లోకి వచ్చాక చెయ్యి పైకి లేవకపోతే హెల్మెట్ నేనే తీశాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఇంజన్ చాలా బాగుందన్నా. ఒక్కచోట కూడా తగ్గలేదు" అన్నాడు.

వ్యాను వెనక్కి వెళ్లి ఏడ్చాను.

కంపెనీ సీటు కోయంబత్తూరు రైడరుకి ఇచ్చారు. తమ్ముడికి ముప్ఫై నిండాయి. ఇప్పుడు పత్తి జిన్నింగు మిల్లులో సూపర్‌వైజరుగా చేస్తున్నాడు, స్కూటర్ మీద డ్యూటీకి వెళ్తాడు. ఆ సీజను అయిపోయిన నెలకి మంచి ఇంజన్ని విప్పాను. రింగులూ, బేరింగులూ ఒక్కొక్కటే కొలిచాను. నమ్మకం కుదరక పక్క ఊరి లేతు ఆయన దగ్గర కొలిపించాను. మూడు రౌండ్లు తోలినా సగం కూడా అరగలేదు. ఐదు రౌండ్లూ దాంతోనే నిక్షేపంగా తోలొచ్చు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మళ్లీ రేసు ఇంజన్ కట్టలేదు.

పోయిన జూన్‌లో ఒక ఆదివారం చర్చి నుంచి తమ్ముడు నా షాపుకొచ్చాడు. ఇద్దరం ఫోన్లో రెండో రౌండు చూశాం. ఎవరో కొత్త రైడరు రెండూ గెలిచాడు. "ఇప్పుడు ఆపకూడదు వీణ్ణి" అన్నాడు, ఫోన్ మీంచి చూపు తిప్పకుండా. కాసేపయ్యాక టీ గ్లాసు కింద పెట్టి, ఇన్నేళ్లలో మొదటిసారి అడిగాడు.

"ఆ ఇంజన్ విప్పావా అన్నా? ఏమన్నా మిగిలిందా అందులో?"

చెప్పాలనే నోరు తెరిచాను.

"ఏం మిగల్లేదురా. పూర్తిగా అయిపోయింది."

వాడి మొహం తేలికపడింది. స్కూటర్ తాళం చేతిలోకి తీసుకుంటూ, "అయితే నువ్వు దాచడమే కరెక్టన్నా. నేనే తొందరపడ్డా" అన్నాడు.

నేను తలూపాను.