పప్పు ఉడికిన నీళ్ళు

మా అత్త హనుమంతమ్మది పుట్టుకతో వచ్చిన అనుమానం. పాలవాడు చెంబులో పాలు పోస్తే నురగ ఊది చూసేది. సంతలో తక్కెడ పళ్ళాన్ని తిరగేసి, అడుగున చింతపండు ముద్ద అంటించారేమోనని తడిమేది. నమ్మి చెడినవాళ్ళు లేరంటారు కదా, ఆ మాట ఎవరన్నా అంటే ఆమెకు ఒళ్ళు మండేది. చిన్న వయసులోనే మొగుడు పోతే, ధర్మవరం దగ్గర మా ఊళ్ళో మగ్గాలకు పట్టుదారం కండెలు చుట్టి కొడుకును, అంటే నా మొగుణ్ణి, పెంచింది. దారిపొడుగునా ఎవరో ఒకరు మోసం చేస్తూనే వచ్చారు. కాబట్టి ఆమెను నేను తప్పు పట్టను. అనుమానం మంచిదే. దాన్ని ఎటు తిప్పాలో తెలియకపోతేనే కొంప మునుగుతుంది.

వరసగా వానలు ఎగ్గొట్టి చెరువు నెర్రెలిచ్చిన రోజుల్లో, రెండువేల మూడులో, మా వీధికి కొళాయిలు వచ్చాయి. ఎక్కడో దూరాన ఆనకట్ట నుంచి పైపుల్లో నీళ్ళు. అదే వారంలో ఎవరో వచ్చి, మేమంతా తాగే బోరింగుకు ఎర్ర రంగు పూసి, ఈ నీళ్ళు తాగొద్దు, గిన్నెలు తోముకోవడానికి వాడుకోండని చెప్పి జీపెక్కి పోయారు. అందులో ఫ్లోరైడ్ ఉందట. అదేమిటో, తాగితే ఏమవుతుందో విడమరిచి చెప్పే ఓపిక వాళ్ళకు లేకపోయింది. రంగు డబ్బా మోసుకొచ్చే ఓపిక మాత్రం ఉంది!

"నేను కాపరానికొచ్చినప్పట్నుంచి తాగుతాండా. ఇప్పుడు చెడిపోయినాయంటనా?" అంది మా అత్త. "కొళాయి పన్ను కట్టించుకునేకి ఏసిన ఎత్తు ఇది."

కొళాయి నీళ్ళు బిందెలోకి పట్టి వాసన చూసి ముఖం చిట్లించింది. బ్లీచింగ్ పౌడర్ గుప్పుమంటోంది.

"ఇవి నీళ్ళా, ఆస్పత్రా? ఏం మందు కలిపినారో ఏమో!"

మా వైపు మంచినీళ్ళకు ఒకటే పరీక్ష, పప్పు ఉడకాలి. కందిపప్పు మెత్తగా ఉడికితే మంచినీళ్ళు, పలుకు పలుకుగా మిగిలితే చెడ్డనీళ్ళు. పిల్లనిచ్చేముందు ఆ ఊళ్ళో పప్పు ఉడుకుతుందా అని అడిగేవాళ్ళు కూడా ఉన్నారు. మా అత్త వీధిలోనే రెండు పొయ్యిలు పెట్టించి, ఒక కుండలో బోరింగు నీళ్ళు, ఒక కుండలో కొళాయి నీళ్ళు పోసి, చెరో గిద్దెడు పప్పు వేసింది. బోరింగు పప్పు వెన్నలా కరిగిపోయింది. కొళాయి పప్పు ఎంతసేపు మంట పెట్టినా గింజ గింజగానే ఉంది.

"చూస్తిరా? పప్పుకు తెలిసింది మనకు తెల్దా?" అని గరిటె పైకెత్తి చూపించింది. కొళాయి నీళ్ళు వదిలే దాసప్ప ఏదో చెప్పబోయాడు.

"నువ్వు జీతం తీసుకునేవోడివి, అట్లనే చెప్తావులేప్పా," అని నోరు మూయించింది. వీధి వీధంతా మళ్ళీ ఎర్ర బోరింగు దగ్గర బిందెలు పెట్టింది.

నా పెద్దకూతురు ఈశ్వరికి పాలపళ్ళు ఊడి కొత్తపళ్ళు వచ్చాయి. ఒక్కొక్కటీ గోధుమరంగు చారలతో వచ్చింది. మా అత్త బొగ్గుతో తోమించింది, ఉప్పుతో తోమించింది, వేపపుల్ల నమిలించింది. అంగట్లో అమ్మే రంగు మిఠాయిలను అనుమానించింది. నేను దొంగచాటుగా టీ తాగిస్తున్నానని నన్నూ అనుమానించింది. నీళ్ళను మాత్రం అనుమానించలేదు. బళ్ళో పిల్లలు ఎగతాళి చేస్తే పాప నవ్వడమే మానేసింది. అప్పటికి చిన్నది హేమావతి ఇంకా ఉగ్గుగిన్నెతోనే నీళ్ళు తాగుతోంది.

చివరికి చిన్నదాన్ని చంకనేసుకుని, ఈశ్వరిని అనంతపురంలో పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. నా మీద నమ్మకం లేక మా అత్త కూడా వచ్చింది. డాక్టరమ్మ పళ్ళు చూడగానే ఏ నీళ్ళు తాగుతారని అడిగింది.

"బోరింగువి. పప్పు వెన్న మాదిరి ఉడుకుతుంది," అంది మా అత్త గర్వంగా.

"ఈ చారలు నీళ్ళల్లో ఫ్లోరైడు వల్ల వచ్చినవి. పప్పుతో అది తెలియదమ్మా. ఫ్లోరైడుకు రంగుండదు, రుచుండదు. అది ఎక్కువున్న నీళ్ళల్లో పప్పు చాలాసార్లు బాగానే ఉడుకుతుంది," అంది డాక్టరమ్మ. ఆ తర్వాత మా అత్తను తేరిపార చూసి, "ఒకసారి గడ్డం ఛాతీకి ఆనించండి," అంది.

మా అత్త మెడ సగంలోనే ఆగిపోయింది. ఎంత ప్రయత్నించినా వంగలేదు. కండెలు చుట్టి చుట్టి పట్టేసిందని ఎన్నో ఏళ్ళుగా చెప్పుకుంటున్న మెడ అది.

"ఇదీ ఆ నీళ్ళ వల్లే అయుండొచ్చు. పెద్దపాపకు పుట్టినప్పటి నుంచి తాగినవి పళ్ళల్లోకి దిగిపోయాయి. ఆ మరకలు పోవు. చిన్నపాపనన్నా కాపాడుకోండి," అంది డాక్టరమ్మ.

తిరుగు బస్సు బత్తలపల్లె దాటింది.

"ఆ డాక్టరమ్మకూ కొళాయోళ్ళకూ ఏమన్నా సుట్టరికం ఉండాదేమో కనుక్కోమ్మే," అంది మా అత్త.

నాకు తిక్క రేగింది. "నీ మెడ గూడా వాళ్ళ సుట్టమేనా అత్తా?" అన్నాను.

ఆమె కిటికీ వైపు తిరగబోయింది. మెడ తిరగక మనిషంతా తిరగాల్సి వచ్చింది. అన్నందుకు నాకే ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున మా అత్తే కొళాయి నీళ్ళు పట్టి, గుడ్డతో వడగట్టి, వాసన పోయేదాకా మూత తీసి పెట్టింది. బిందె దగ్గరికి ఎవర్నీ రానివ్వలేదు.

"నేను తాగి చూస్తా. ఏమన్నా అయితే నాకే కానీ," అని చెంబెడు తాగి, సాయంత్రం దాకా అరుగు మీద పొట్ట తడుముకుంటూ కూర్చుంది. ఏమీ కాలేదు. అప్పుడు లేచి, హేమావతిని ఒళ్ళో వేసుకుని ఉగ్గుగిన్నెతో ఆ నీళ్ళు తాగించింది.

పక్కనే నిలబడి చూస్తున్న ఈశ్వరికి కూడా ఒక గ్లాసు నింపి చాచింది.

"ఇవి తాగితే నా పండ్లు తెల్లగా అయితాయా జేజీ?" అని అడిగింది పాప.

మా అత్త జన్మలో అబద్ధమాడి ఎరగదు. ఎదుటివాళ్ళ అబద్ధాలు పట్టుకోవడంతోనే ఆమెకు సరిపోయింది.

"అయితాయి పాపా. తాగితే అయితాయి," అంది.

ఈశ్వరి గ్లాసు అందుకోలేదు. జేజి కళ్ళల్లోకి చూసింది.

"అబద్ధం చెప్తాండావు," అంది.