గజ్జెలు విప్పాక మూడో చరణం

దెయ్యాల కథలు చెప్పేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండేది. ఇంట్లో ఎవరైనా మొదలుపెడితే, పనీపాటా లేదా మీకు అని లేచి వెళ్లిపోయేదాన్ని. ధ్యాన శిబిరాల చుట్టూ తిరిగే మనిషివి, నీకే నమ్మకం లేకపోతే ఎట్లా అనేవాళ్లు. కళ్లు మూసుకుని కూర్చోవడం వేరు, కళ్లు తెరిచి లేనిది చూడటం వేరు అని వాదించేదాన్ని. ఇప్పుడు కూడా నేనేదో చూశానని చెప్పడం లేదు. చూసినవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లు చూసింది నన్ను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. గుంటూరులో నాకో అద్దె గది ఉండేది గానీ, నెలలో ఇరవై రోజులు బస్సుల్లోనే. ఒక వారం ఎక్కడో ధ్యాన శిబిరం, మరో వారం ఏదో ఊళ్లో ఆడవాళ్లకి గుడిలో చేసే నృత్యం నేర్పడం. ఎడమ భుజానికి ఒకటే సంచి. అందులో రెండు చీరలు, గజ్జెలు, తాళం వేసే కర్ర, దాని చెక్క. మిరపకాయలు ఆరబోసే రోజుల్లో బస్సెక్కితే దారంతా తుమ్ములే.

నాకు నృత్యం నేర్పింది నల్లపాడులో ఉండే కామేశ్వరమ్మ గారు. ఆవిడ సొంతంగా కూర్చిన హారతి నృత్యం ఒకటుంది, మూడు చరణాలది. రెండు చరణాలు గజ్జెలతో చేయాలి. ఆ తర్వాత కింద కూర్చుని గజ్జెలు విప్పి, కళ్లకద్దుకుని పక్కన పెట్టి, మూడోది ఒట్టి కాళ్లతో చేయాలి. ఆ మూడో చరణం ఆవిడ ఎవరికీ నేర్పలేదు. పన్నెండేళ్లు వెంట తిరిగినా నాకూ నేర్పలేదు. కారణం నా కుడి మడమ. ముక్తాయింపులో ఆఖరి దెబ్బకి ముందే అది నేలకి తగిలేది. ఎంత సాధన చేసినా అంతే. "మడమ తొందరపడుతోందే పిల్లా" అని చెక్క మీద కర్రతో గట్టిగా ఒకటి వేసేవారు.

ఆ ఏడు శివరాత్రికి ముందు ఆవిడ దగ్గర్నుంచి కబురొచ్చింది. ఒంట్లో బాగోలేదు, వచ్చి మూడోది నేర్చుకుపో, మడమ సంగతి తర్వాత చూద్దాం అని. నేను వెళ్లలేదు. అమరావతిలో మూడు రోజుల మౌన శిబిరానికి ఒప్పుకున్నాను, అదయ్యాక వస్తానని చెప్పి పంపాను. గుంటూరు నుంచి నల్లపాడు ఎంత దూరమని. సైకిల్ మీద పోయి రావచ్చు. అది తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

శివరాత్రి వెళ్లిన సోమవారం శిబిరం మొదలైంది. ఎవరితో మాట్లాడకూడదు, ఎవరి ముఖం చూడకూడదు, బయటి కబుర్లు లోపలికి రాకూడదు. మూడు రోజులూ నేను చేసింది ధ్యానం కాదు. ఆ చరణం ఎలా ఉంటుందా అన్న ఆలోచన ఒక్కటే. మధ్యలో నిద్రపోయానో ఏమో, చాలాసేపటి సంగతులు గుర్తులేవు. బుధవారం సాయంత్రం లేచేసరికి రెండు మడమలూ వాచి ఉన్నాయి. అంతసేపు కూర్చుంటే మోకాళ్లు పట్టేయాలి గానీ మడమలు వాచడమేంటని అప్పుడు అనుకోలేదు.

మౌనం వీడాక చెప్పారు, కామేశ్వరమ్మ గారు ఆ తెల్లవారుజామునే పోయారని. నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది. ఆవిడతోపాటు మూడో చరణం కూడా పోయింది, నా బుద్ధితక్కువ వల్ల. ఆ ఎండాకాలమంతా నాకు తిండి సయించలేదు.

ఇక అసలు సంగతి. చీమకుర్తి దాటాక లోపలికి ఒక ఊరుంది. అక్కడి ఆడవాళ్లు కొందరు కలిసి భజన కూటం పెట్టుకున్నారు. సుబ్బరత్తమ్మ గారని ఒకావిడ దానికి పెద్ద. నన్ను శివరాత్రి వెళ్లిన ఆ వారమే రమ్మన్నారు. శిబిరం ఉంది, ఎండలు తగ్గాక వస్తానని కార్డు రాశాను. తొలకరి పడ్డాక బయల్దేరాను. ఆ ఊరు నేను అంతకుముందు ఎరగను. గ్రానైటు లారీల వెనక బస్సు నత్తనడక నడుస్తుంటే కండక్టర్ని రెండుసార్లు అడిగాను, ఎక్కడ దిగాలని.

దిగగానే సుబ్బరత్తమ్మ గారు ఎదురొచ్చి నా సంచి అందుకున్నారు. నమస్కారమండీ అన్నాను. "మళ్లీ వచ్చారు, సంతోషమండీ. మీ గొంతు వినడం మాత్రం ఇదే మొదలు" అన్నారు.

ఎవర్ని చూసి ఎవరనుకుంటున్నారోనని నవ్వి ఊరుకున్నాను. భజన మందిరానికి వెళితే పదకొండు మంది వరసగా నిలబడి ఉన్నారు. మిరప చేలల్లో, పత్తి చేలల్లో పనికి పోయే మనుషులు, నలభై దాటినవాళ్లే ఎక్కువ. గుడ్డ పట్టీల మీద కుట్టిన మువ్వలు కాళ్లకి కట్టుకున్నారు. "మీరు నేర్పింది మర్చిపోలేదండీ, చూడండి" అని సుబ్బరత్తమ్మ గారు కర్ర తీసుకుని తాళం వేయడం మొదలుపెట్టారు. పాట లేదు, తాళం ఒక్కటే.

హారతి నృత్యం మొదటి చరణం. రెండో చరణం. ఎవరో కామేశ్వరమ్మ గారి దగ్గర నేర్చుకున్నవాళ్లు వచ్చి ఉంటారనుకున్నాను. రెండోది అవగానే పదకొండు మందీ కింద కూర్చున్నారు. మువ్వలు విప్పి, కళ్లకద్దుకుని పక్కన పెట్టి లేచారు.

వాళ్లు మూడో చరణం చేశారు, నేను గోడకి ఆనుకుని చూశాను. ఆఖరి ముక్తాయింపులో పదకొండు మంది కుడి మడమలూ తాళం కంటే ముందే నేలకి తగిలాయి. అది నా తప్పు. మా టీచర్ గారి దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఆ తప్పు ఇంకెవరికీ లేదు.

తేరుకున్నాక ఒక్కొక్కటే అడిగాను. శివరాత్రి వెళ్లిన సోమవారం పొద్దున నేను బస్సు దిగానట. మౌనంలో ఉన్నానని సైగ చేశానట. రెండు రోజులూ నోరు విప్పకుండా చేతులతో, కర్రతో నేర్పానట. బుధవారం పొద్దున కాఫీ తెచ్చేసరికి లేనట. కార్డు రాసినా మనసు మార్చుకుని వచ్చారనుకున్నాం అన్నారు. నేను అమరావతిలో ఉన్నానంటే, అట్లాగేలెండి అని నవ్వారు.

మువ్వల పట్టీలు కుట్టింది ఆ ఊరి టైలరు మస్తాన్‌బీ. ఆవిడ కాగితంలో చుట్టిన జాకెట్టు తెచ్చి నా చేతిలో పెట్టింది. "కొలతలిచ్చి తీసుకోకుండా పోయారేంటమ్మా. మీ ఎడమ భుజం అర అంగుళం కిందికుంది, చూసే కుట్టాను" అంది. సంచి మోసి మోసి నా భుజం అలా అయింది. గుంటూరులో ఏ టైలరూ అది కనిపెట్టలేదు, ప్రతి జాకెట్టూ జారేది. ఇది తొడుక్కుంటే అతికినట్టు సరిపోయింది. ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

అక్కడ ఉండలేక మర్నాడే నల్లపాడు వెళ్లాను. కామేశ్వరమ్మ గారి కోడలు, అత్తయ్య వస్తువులు ఏమైనా కావాలా అంటూ ఒక పాత నోటుపుస్తకం ఇచ్చింది. అందులో మూడో చరణం, దాని జతులు ఆవిడ చేతిరాతతో ఉన్నాయి. అడుగులు, చేతుల భంగిమలు ఏమీ రాసి లేవు. ఆ పల్లెలో చూసిన అడుగులు మనసులో వేసుకుంటూ జతులు చదివాను. ఒక్క దెబ్బ కూడా ఎక్కువ కాలేదు, తక్కువ కాలేదు.

జరిగిందేదీ ఆ అమ్మాయికి చెప్పలేదు. ఆఖరి రోజులు ఎలా గడిచాయమ్మా అని మాత్రం అడిగాను.

"మీరొస్తారని ఆదివారం దాకా ఎదురు చూశారండీ" అంది. "సోమవారం నుంచి అడగడం మానేశారు. మంచం పట్టె మీద చేత్తో తాళం వేస్తూనే ఉన్నారు. ఎదురుగా ఎవరో ఉన్నట్టు, మడమ మడమ అని కోప్పడేవారు. బుధవారం తెల్లవారుజామున చెయ్యి ఆపి, ఇక చాల్లే, వెళ్లు అన్నారు. అదే ఆఖరి మాట."

నేను గుమ్మం మెట్టు మీద కూర్చుని ఏడ్చాను.

ఎన్ని రకాలుగా ఆలోచించినా నాకు లెక్క కుదరదు. శిబిరంలో నా పక్కన కూర్చున్నావిడని తర్వాత వెతికి పట్టుకుని అడిగాను, నేను మూడు రోజులూ అక్కడే ఉన్నానా అని. ఎవరి ముఖమూ చూడకూడదన్నారు కదండీ, ఎవరో కూర్చునే ఉన్నారు మరి, అంది. ఆ మూడు రోజులు నేనెక్కడున్నానో నాకే తెలియదు.

మూడో చరణం ఆ పల్లెకి మళ్లీ వెళ్లి, ఆ ఆడవాళ్ల దగ్గరే నేర్చుకున్నాను. తర్వాత చాలామందికి నేర్పాను. అందరి కుడి మడమా తొందరపడుతుంది. దిద్దగలిగినావిడ ఇక చాల్లే అనేశారు.